లింకన్: ఇంత చిన్న ఊరికి అంత పెద్ద కెథడ్రల్ ఏంటి?

సాయంత్రంరైలు

అందరికీ నమస్తే. నేను నాటింగ్‌హామ్‌లో ఉంటాను. ఈ మధ్య ఆఫీసు పని మీద లింకన్ వెళ్తే పని మధ్యాహ్నానికే తేలిపోయింది, ఎలాగూ వచ్చాం కదా అని కొండెక్కి కెథడ్రల్ చూసొచ్చాను. అప్పట్నుంచి బుర్రలో ఒకటే తొలుస్తోంది. రైలు ఇంకా ఊళ్లోకి రాకముందే కనబడుతుందది, చుట్టూ బల్లపరుపు పొలాలు, వాటికి ఎంతో పైన మూడు టవర్లు. ఒకప్పుడు నడిమి టవరు మీద శిఖరం కూడా ఉండేదని, అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం అదేనని లోపల గైడ్ చెప్పాడు. తీరా ఊరు చూస్తే లక్ష దాటి నాలుగు వేలో ఎంతో జనాభా, అంతే. షెఫీల్డ్, లీడ్స్, చివరికి మా నాటింగ్‌హామ్ ముందు కూడా లెక్కలోకి రాదు.

అంత డబ్బు అప్పట్లో ఈ ఊరికి ఎక్కడిది? ఉన్న ఊరు తర్వాత ఎందుకు పెరగలేదు? నెట్‌లో చూస్తే అన్నీ "చూడాల్సిన పది ప్రదేశాలు" రకం రాతలే, ఎవరూ అసలు సంగతి చెప్పట్లేదు.

ఇంకోటి, అమ్మానాన్న వస్తున్నారు. ఒక్క రోజే కుదురుతుంది, యార్క్‌కి తీసుకెళ్లాలా లింకన్‌కా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఆ స్టీప్ హిల్ ఎక్కేటప్పుడు నాకే ఆయాసం వచ్చింది, మధ్యలో గోడకి ఇనప కమ్మీ ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

రాళ్లపిచ్చి

కెథడ్రల్ తర్వాత, ముందు ఆ కొండ సంగతి చూడండి. లింకన్‌షైర్ చాలావరకు పల్లం. మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి సున్నపురాయి గట్టు ఒకటి పొడుగ్గా సాగుతుంది, విథమ్ నది దాన్ని కోసుకుని వెళ్లే సందులో ఉంది ఊరు. పైన కాపలా పెడితే మైళ్ల దూరంలో ఎవడొస్తున్నాడో తెలుస్తుంది, కింద పడవలు ఆగడానికి బ్రేఫోర్డ్ కొలను. రోమన్లు వదులుతారా? క్రీ.శ. 60ల్లో తొమ్మిదో లీజియన్ అక్కడ దిగింది, ఆ శతాబ్దం చివరికల్లా సైన్యం ముందుకి కదిలిపోతే రిటైరైన సైనికులకి స్థలాలిచ్చి ఊరు కట్టారు. లండన్ నుంచి వచ్చే ఎర్మిన్ స్ట్రీట్, ఎక్సెటర్ వైపు నుంచి వచ్చే ఫాస్ వే రెండూ అక్కడే కలుస్తాయి. మీరు బెయిల్‌గేట్‌లో నడిచే ఉంటారు, ఈసారి కిందికి చూసి నడవండి. రోడ్డు మీద అక్కడక్కడా రాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి, రోమన్ల ఫోరమ్ (ఊరి నడిబొడ్డు చౌకు) ముందు నిలబడ్డ స్తంభాల చోట్లు అవి. కార్లు వాటి మీంచే పోతుంటాయి. ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే న్యూపోర్ట్ ఆర్చ్, రోమన్ల కోట గుమ్మం. బ్రిటన్‌లో ఇప్పటికీ వాహనాలు కింద నుంచి పోయే రోమన్ కమాను అదొక్కటే, 1964లో లారీ ఒకటి గుద్దితే రాళ్లు మళ్లీ పేర్చాల్సి వచ్చింది.

నార్మన్లు వచ్చాక వాళ్ల రాజు విలియం 1068లో ఆ పాత రోమన్ గోడల మధ్యే కోట కట్టించాడు. దాని కోసం 166 ఇళ్లు పోయాయని డోమ్స్‌డే అనే అప్పటి భూముల లెక్కల్లోనే రాసుంది, అంటే కోట కింద నలిగింది ఖాళీ స్థలం కాదు, నిండు కాపురాలు. నాలుగేళ్లకి కెథడ్రల్ మొదలైంది. మీ "డబ్బెక్కడిది" ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. అంతకుముందు బిషప్ పీఠం థేమ్స్ ఒడ్డున డార్చెస్టర్‌లో ఉండేది, రెమిజియస్ అనే బిషప్ దాన్ని లింకన్‌కి మార్చాడు. మార్చినా అధికార పరిధి తగ్గలేదు, ఉత్తరాన హంబర్ నుంచి దక్షిణాన థేమ్స్ దాకా అంతా ఈయన కిందే. ఇంగ్లండ్‌లో అంత పెద్ద డయాసిస్ ఇంకోటి లేదు. ఆ మేర భూముల మీద రాబడి, కానుకలు ఎంతో కొంత ఈ కొండ మీదికే చేరేవి. కెథడ్రల్‌ని లింకన్ ఊరు ఒక్కటే కట్టుకుందని అనుకుంటే లెక్క ఎప్పటికీ కుదరదు.

పాపం రెమిజియస్ 1092లో ప్రతిష్ఠకి కొద్ది రోజుల ముందే పోయాడు. తర్వాత మంటల్లో కాలింది, బాగుచేశారు, 1185లో భూకంపం వచ్చి చాలావరకు చీలిపోయింది. పడమటి ముఖం మాత్రం నిలిచింది. ఈసారి వెళ్తే ఆ ముఖం ముందు పది నిమిషాలు నిలబడండి. మధ్యలో ఉన్న లోతైన గుండ్రటి కమానులు రెమిజియస్ నాటివి, కోటగోడంత మందం. వాటి చుట్టూ, పైనా అటూ ఇటూ వెడల్పుగా పరుచుకున్న కొనదేరిన చిన్న చిన్న కమానుల వరసలు నూటయాభై ఏళ్ల తర్వాతివి. పాతదాన్ని పీకకుండా దాని చుట్టూ కొత్తది కట్టేశారు. అతుకు దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు, నాకైతే ఆ మొండితనమే నచ్చుతుంది.

భూకంపం వచ్చిన మర్నాటి ఏడు, అంటే 1186లో, బిషప్‌గా వచ్చినాయన హ్యూ, ఫ్రాన్స్ వైపు అవలాన్ నుంచి వచ్చిన కార్తూసియన్ సన్యాసి. 1192లో తిరిగి కట్టడం మొదలుపెట్టించాడు. ఆయన కట్టించిన క్వైర్‌లో, అంటే పాటగాళ్లు కూర్చునే భాగంలో, తలెత్తి చూస్తే పైకప్పు కాస్త తేడాగా ఉంటుంది. మామూలుగా అయితే నాలుగు మూలల నుంచి వచ్చే రాతి దూలాలు నడిమధ్యలో ఒక్క చోట కలవాలి, ఇక్కడ అవి రెండు చోట్ల, పక్కకి జరిగి కలుస్తాయి. చూస్తున్నకొద్దీ కప్పు మెలి తిరిగినట్టుంటుంది. కావాలని చేశారా, లెక్క తప్పిందా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. ఏదైనా, కప్పు బరువు మోయడానికి అవసరం లేని దూలాలు కేవలం అందం కోసం వేయడం అక్కణ్ణుంచే ఊపందుకుంది, తర్వాత ఇంగ్లండ్ అంతా పాకింది.

1230ల్లో నడిమి టవరు కూలింది. మళ్లీ కట్టి 1311లో దాని మీద చెక్కతో శిఖరం లేపి సీసం రేకు తొడిగారు. 525 అడుగులు అని అందరూ చెప్పేది తర్వాతి కాలం వాళ్ల లెక్క, ఎవరూ టేపు పెట్టి కొలవలేదు, కొందరు అంత ఉండదంటారు. 1548లో గాలివానకి పడిపోయింది. మళ్లీ కట్టలేదు. ఎందుకు కట్టలేదో అడిగితే మీ రెండో ప్రశ్నలోకి వెళ్లాలి, అది నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడున్నారు.

పాతలెడ్జరు

ఎందుకు కట్టలేదంటే అప్పటికి చేతిలో చిల్లిగవ్వ లేదు కాబట్టి :)

కొంచెం వెనక్కి వెళ్దాం. 12, 13 శతాబ్దాల్లో లింకన్ ఇంగ్లండ్‌లోని బాగా పెద్ద ఊళ్లలో ఒకటి, నలభైకి పైగా చర్చిలుండేవి. డబ్బంతా గొర్రెల మీద వచ్చింది. చుట్టుపక్కల మేలిరకం ఉన్ని, ఊళ్లో నేతగాళ్లు, అద్దకం వాళ్లు. లింకన్ ఎర్ర బట్ట అంటే రాజుల ఇళ్లల్లో కట్టేది, ఆకుపచ్చ బట్ట దానికన్నా చవక, ఇప్పుడు అందరికీ రాబిన్‌హుడ్ వల్ల ఆ ఆకుపచ్చే తెలుసు. సరుకు ఎలా పోయేదంటే, బ్రేఫోర్డ్ నుంచి టార్క్సీ దాకా ఫాస్‌డైక్ అని కాలువ ఉంది, రోమన్లు తవ్విందంటారు, మొదటి హెన్రీ 1121లో పూడిక తీయించాడు. అది ట్రెంట్ నదిలో కలుస్తుంది. రెండో వైపు విథమ్ మీద పడవెక్కితే ఇక్కడి లింకన్‌షైర్ బాస్టన్ రేవు, అక్కణ్ణుంచి సముద్రం. సముద్రానికి అంత దూరంలో ఉండి కూడా రేవు పట్నంలా బతికిన ఊరు.

తర్వాత ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. నేత పని పల్లెలకి జారింది. కాలువ పూడిపోతుంటే ఒడ్డున భూములున్నవాళ్లు ఎవరూ ఖర్చు పెట్టుకోలేదు, ఊరివాళ్లు రాజుకి మొర పెట్టుకోవడమే మిగిలింది. 1349లో ప్లేగు. ఉన్ని ఎగుమతికి సుంకం కట్టే అధికారిక కేంద్రం, స్టేపుల్ అనేవారు, లింకన్‌లో ఉండేది, 1369లో దాన్ని బాస్టన్‌కి మార్చేశారు. నన్నడిగితే అసలు దెబ్బ అదే. వ్యాపారులు సుంకం కట్టే చోటికే పోతారు కానీ కెథడ్రల్ ఉన్న చోట ఎందుకు కూర్చుంటారు? చర్చిలు ఒక్కోటీ మూతపడ్డాయి. 18వ శతాబ్దంలో ఇటు వచ్చిన యాత్రికులు పాడుబడ్డ ఊరని రాసుకున్నారు.

మీరు స్టీప్ హిల్ మీద చూసిన ఆ పాత రాతి ఇళ్లు, వంకరపోయిన చెక్క ఇళ్లు మిగిలింది ఈ లేమి వల్లే. డబ్బున్న ఊరైతే 1700ల్లోనే వాటిని పడగొట్టి వీధి వెడల్పు చేసుకునేవాళ్లు.

శిఖరాల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. నడిమిది పోయినా పడమటి రెండు టవర్ల మీద చిన్న శిఖరాలు చాలాకాలం ఉన్నాయి. బరువుకి టవర్లు దిగబడుతున్నాయని 1726లో వాటిని తీసేద్దామనుకుంటే ఊరి జనం గుంపుగా కొండెక్కి గొడవ చేసి పని ఆపించారు. మళ్లీ 1807 దాకా ఎవరూ ముట్టుకోలేదు.

సాయంత్రంరైలు

అబ్బ, ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. సుంకం సంగతి నేను ఎక్కడా చదవలేదు. స్టీప్ హిల్ కింద చివర "జ్యూస్ హౌస్" (యూదుడి ఇల్లు) అని ఒక రాతి ఇల్లు చూశాను, 12వ శతాబ్దం నాటిదని రాసుంది. యూదులు అప్పట్లోనే అక్కడ ఉండేవారా? బోర్డు మీద రెండు లైన్లే ఉన్నాయి.

పాతలెడ్జరు

ఉండేవారు, డబ్బు కథలో వాళ్లని వదిలేస్తే అన్యాయం. క్రైస్తవులు వడ్డీకి అప్పివ్వకూడదని చర్చి కట్టడి, యూదుల్ని వేరే వృత్తుల్లోకి రానిచ్చేవాళ్లు కాదు, కాబట్టి రాజు దగ్గర్నుంచి మఠాల దాకా అందరూ అప్పు కోసం వాళ్ల గుమ్మమే తొక్కారు. లింకన్‌కి చెందిన ఆరన్ 1186లో చనిపోయేనాటికి ఇంగ్లండ్‌లోనే మహా ధనవంతుల్లో ఒకడు. మఠాలు, చర్చిలు కట్టడానికి అప్పులిచ్చాడు, లింకన్ కెథడ్రల్ నగలు కూడా ఒకప్పుడు ఆయన దగ్గర కుదువలో ఉన్నాయి. ఆయన పోగానే రాజు ఆస్తి మొత్తం లాగేసుకున్నాడు, బాకీలు ఎన్ని ఉన్నాయంటే వసూలుకి ఖజానాలో "ఆరన్ ఎక్స్‌చెకర్" అని ప్రత్యేకంగా ఒక శాఖ పెట్టాల్సి వచ్చింది.

బిషప్ హ్యూ బతికున్నన్నాళ్లూ యూదుల మీదికి మూకలు వస్తే అడ్డం నిలబడ్డాడు, 1200లో ఆయన శవయాత్రలో వాళ్లు కూడా ఏడ్చారని రాశారు. అదే ఊళ్లో 1255లో హ్యూ అనే పేరున్న చిన్న పిల్లాడు బావిలో శవమై దొరికితే యూదులు బలిచ్చారని పుకారు లేచింది. కోపిన్ అనే ఆయన్ని బెదిరించి ఒప్పించారు, ప్రాణం తియ్యబోమని మాటిచ్చారు, మూడో హెన్రీ స్వయంగా వచ్చి ఉరి తీయించాడు. తొంభై మంది దాకా పట్టుకుని లండన్ తీసుకెళ్తే వాళ్లలో 18 మందిని ఉరితీశారు. చచ్చినవాళ్ల ఆస్తి ఎవరికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. 1290లో మొదటి ఎడ్వర్డ్ దేశంలోని యూదులందర్నీ వెళ్లగొట్టాడు.

ఆ పిల్లాడికి కెథడ్రల్‌లో గుడి లాంటిది కట్టి మొక్కుకున్నారు కూడా. క్వైర్‌కి దక్షిణం వైపు నడవలో దాని మొండి పీఠం ఇప్పటికీ ఉంది, పక్కనే 1950ల్లో పెట్టిన ఫలకం, ఈ కథంతా అబద్ధమని, క్రైస్తవులకి సిగ్గుచేటని. జనం మామూలుగా ఏంజెల్ క్వైర్‌లో ఇంప్ (చిట్టి దెయ్యం) బొమ్మ వెతకడానికి హడావిడిగా పోతూ దీన్ని దాటేస్తారు. మీరు చూసిన రాతి ఇంటికి ఆనుకునే జ్యూస్ కోర్ట్ అని ఇంకో ఇల్లుంది, అందులో ఇప్పుడు మళ్లీ యూదుల ప్రార్థనలు జరుగుతున్నాయి.

బ్రేఫోర్డ్‌గట్టు

పైనున్న పెద్దలు బాగా చెప్పారు కానీ, నాకో చిన్న కంప్లైంటు ఉంది. లింకన్ అంటే అందరూ కొండపైన మాత్రమే మాట్లాడతారు. నేను చదువుకునే రోజుల నుంచీ కింద వైపే ఉంటున్నాను, ఊళ్లో ఎవరైనా "అప్‌హిల్ వాళ్లు", "డౌన్‌హిల్ వాళ్లు" అంటే నవ్వులాటకి అన్నట్టే ఉంటుంది గానీ పూర్తిగా నవ్వులాట కాదు. ఇళ్ల అద్దెలు చూస్తే తెలుస్తుంది. పైన బిషప్పులు, జడ్జీలు, కోట, కింద నది, బురద, కూలీలు. వెయ్యేళ్లుగా ఇదే.

"ఊరు ఎందుకు పెరగలేదు" అన్న ప్రశ్నతోనే నాకు పేచీ. పెరిగింది, కాకపోతే కింద పెరిగింది, చూసేవాళ్లు తల పైకెత్తుకుని పోతారు. 1846లో రైలు వచ్చింది. క్లేటన్ అండ్ షటిల్‌వర్త్, రస్టన్, రోబీ, ఫాస్టర్, వరసగా ఫ్యాక్టరీలు. పొలాల్లో నూర్పిడి యంత్రాలు, ఆవిరి ఇంజన్లు చేసి రష్యా దాకా అమ్మారు. 1915లో ప్రపంచంలో మొట్టమొదటి యుద్ధ ట్యాంకు ఇక్కడే తయారైంది, చేసింది ఫాస్టర్ కంపెనీ నడిపే ట్రిటన్ అనే ఆయన, ఆయనతో పాటు విల్సన్ అనే నేవీ ఆఫీసరు. కెథడ్రల్ పక్కనున్న వైట్ హార్ట్ హోటల్ గదిలో కూర్చుని డ్రాయింగులు గీశారు. ఊరి పేరు ఒక్కసారిగా మోగాల్సిన పని, కానీ అప్పుడది రహస్యం. రస్టన్ చోట పుట్టిన గ్యాస్ టర్బైన్ల పని సీమెన్స్ పేరుతో ఈ ఊళ్లో ఇంకా నడుస్తూనే ఉంది.

కింద వాళ్ల కష్టం ఏంటో తెలియాలంటే 1904-05 శీతాకాలం టైఫాయిడ్ గురించి చదవండి. ఊరి కుళాయిల్లోకి విథమ్ నీళ్లు సరిగ్గా వడకట్టకుండా వచ్చేవి. వెయ్యి మందికి పైగా మంచాన పడ్డారు, వందకు పైగా చనిపోయారు. ఆ తర్వాత గానీ కౌన్సిల్ కదల్లేదు. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఎల్క్‌స్లీ దగ్గర బోర్లు వేసి అక్కణ్ణుంచి పైపులేసి 1911లో మంచినీళ్లు తెచ్చారు. కోట వెనక వెస్ట్‌గేట్ దగ్గర రాతి టవరు ఒకటి ఉంటుంది, టూరిస్టులు అదీ ఏదో పాత కోట బురుజనుకుని ఫొటో తీసుకుంటారు. నీళ్ల ట్యాంకు అది!

ఇక హై స్ట్రీట్ మధ్యలో హై బ్రిడ్జ్. మీరు దాని మీద నడిచే ఉంటారు, వంతెన అని కూడా తెలిసుండదు, ఎందుకంటే అటు పక్క దుకాణాలు. నది వైపు మెట్లు దిగి వెనక నుంచి చూడండి. 1160 ప్రాంతంలో కట్టిన రాతి కమాను, దాని వీపు మీద 16వ శతాబ్దపు నలుపు తెలుపు చెక్క ఇల్లు, కింద కమానులోంచి హంసలు వస్తూ పోతూ ఉంటాయి. ఇళ్లను మోసే మధ్యయుగపు వంతెనల్లో ఇంగ్లండ్‌లో దీనికన్నా పాతది లేదు. ఇంకా దక్షిణానికి పోతే సెయింట్ మేరీ లె విగ్‌ఫర్డ్, సెయింట్ పీటర్ ఎట్ గౌట్స్ అని రెండు చిన్న చర్చిలు, సన్నటి పొడుగు టవర్లతో. వాటి ముందు జనం బస్సు కోసం నిలబడుంటారు, ఎవరూ తలతిప్పి చూడరు.

1996లో బ్రేఫోర్డ్ ఒడ్డున యూనివర్సిటీ వచ్చాకే కింద భాగానికి కాస్త ఊపిరొచ్చింది. అంతకుముందు పాత రైల్వే స్థలం, తుప్పు. గూడ్స్ గోదామునే లైబ్రరీ చేశారు, ఇనప స్తంభాల మధ్య కూర్చుని చదువుకోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

గేటుపడింది

హై స్ట్రీట్‌లో రైల్వే గేటు గురించి ఎవరూ చెప్పలేదేంటి. సరిగ్గా మనం ట్రైన్‌కి పరిగెడుతున్నప్పుడే పడుతుంది, ఊరంతా అటు సగం ఇటు సగం నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. పక్కన మెట్ల వంతెన ఉంది, ఎవరూ ఎక్కరు. నా ఐడీ అందుకే.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక మాట. మన బూలియన్ లాజిక్‌కి పేరిచ్చిన జార్జ్ బూల్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1815లో, చెప్పులు కుట్టే ఆయన కొడుకు. కాలేజీ మొహం చూడలేదు, సొంతంగా చదువుకుని పందొమ్మిదేళ్లకే ఇక్కడ బడి పెట్టాడు. పాటర్‌గేట్‌లో ఆయన బడి నడిపిన ఇంటి మీద ఫలకం ఉంది. కెథడ్రల్ నుంచి నడిచేంత దూరమే. రోజూ ట్రూ, ఫాల్స్ కొట్టుకుంటూ బతికేవాళ్లం, ఆ గుమ్మం ముందు ఒక దణ్ణం పెట్టుకుంటే పోయేదేముంది.

రాళ్లపిచ్చి

@బ్రేఫోర్డ్‌గట్టు, మీ కోపం న్యాయమే, హై బ్రిడ్జ్ మాట నేను కూడా ఒప్పుకుంటా. కానీ ఒక్క రోజు ఉన్నవాళ్లని, అందులోనూ మోకాళ్ల నొప్పులున్న ఆవిడని, గౌట్స్ దాకా నడిపిస్తారా? ఫ్యాక్టరీల్లో చాలావాటికి ఇప్పుడు చూడ్డానికి గోడలే ఉన్నాయి.

బ్రేఫోర్డ్‌గట్టు

నడిపించమనలేదండీ. స్టేషన్ దిగగానే టాక్సీ ఎక్కి నేరుగా పైకి పోయి, సాయంత్రం టాక్సీలోనే దిగి, లింకన్ చూశామంటారే, వాళ్ల గురించి అన్నా. సెయింట్ మేరీ స్టేషన్‌కి ఎదురుగానే ఉంది, రెండు నిమిషాలు. దాని టవరు మీద రోమన్ సమాధిరాయి ఒకటి గోడలోనే కలిపి కట్టేశారు, లాటిన్ అక్షరాలు అలాగే ఉన్నాయి, వాటి పైన ఆంగ్లో-సాక్సన్ కాలపు భాషలో ఇంకో రాత చెక్కారు. ఒకే రాయి మీద రెండు కాలాలు. కెథడ్రల్‌లో కూడా దొరకదు అలాంటిది.

రాళ్లపిచ్చి

ఆ రాయికి మాత్రం నేను లొంగిపోయా.

కొండమీదక్క

అమ్మగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, రాళ్ల దగ్గరే ఆగిపోయారు అందరూ :)

తమ్ముడూ, మా అత్తగారిని తీసుకెళ్లిన అనుభవంతో చెప్తున్నా. స్టీప్ హిల్ ఎక్కించొద్దు. స్టేషన్ దగ్గర్నుంచి బస్సో టాక్సీయో పట్టుకుని పైన దిగండి. కోట, కెథడ్రల్ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో చిన్న చౌకు, ఎక్స్‌చెకర్ గేటు దాటితే కెథడ్రల్ ముందే. అక్కడంతా దాదాపు సమతలమే, కాకపోతే గుండ్రాళ్లు పరిచిన నేల, మెత్తటి షూ వేసుకోమనండి, చెప్పులతో అయితే మడమ తిరుగుతుంది. దిగేటప్పుడు కూడా కొండ మీంచి నడిపించొద్దు, మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. నాన్నగారికి ఓపికుంటే మీరిద్దరూ నడిచి దిగండి, అమ్మగారు టాక్సీలో.

కోటలో మూడు చూడొచ్చు. రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 మాగ్నా కార్టా అసలు ప్రతులు ప్రపంచం మొత్తంలో నాలుగే మిగిలితే ఒకటి ఇక్కడుంది, 1217 నాటి అడవుల చట్టం పత్రం దాని పక్కనే. చీకటి గదిలో పెడతారు, అక్షరాలు చీమలంత ఉంటాయి, చూసి "ఇంతేనా" అనిపించే ప్రమాదం ఉంది కాబట్టి ముందే దాని కథ చెప్పి తీసుకెళ్లండి. 1939లో న్యూయార్క్ ప్రదర్శనకి పంపితే యుద్ధం వచ్చి అక్కడే చిక్కుకుపోయింది, అమెరికా వాళ్లు బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లో కొన్నాళ్లు దాచారు దీన్ని.

రెండోది విక్టోరియా కాలపు జైలు, అందులో ప్రార్థన గది. ఇది మాత్రం తప్పకుండా చూపించండి. ఖైదీలు ఒకరినొకరు చూసుకోకూడదని ఒక్కొక్కరికీ తల దాకా చెక్కలతో విడివిడి గూడు, ఎదురుగా పాస్టర్ తప్ప ఎవరూ కనబడరు. ఖైదీలంటే బొమ్మలు పెట్టారు. మా అత్తగారు ఆ గూట్లో నిలబడి చూసి చాలాసేపు మాట్లాడలేదు, బయటికొచ్చాక "దేవుడి ముందు కూడా ఒంటరిగానేనా" అన్నారు. మూడోది కోటగోడ మీద నడక, మెట్లు ఎక్కలేనివాళ్లకి లిఫ్టు కూడా ఉంది.

యార్క్ గురించి అడిగారు. చిన్నాన్నగారో ఎవరో "యార్క్ చూశావా" అని అడుగుతారనుకుంటే యార్క్‌కే వెళ్లండి, అక్కడ చూడాల్సినవి ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. నాటింగ్‌హామ్ నుంచి లింకన్‌కి గంట ప్రయాణం, మారక్కర్లేదు. అమ్మగారు మధ్యలో ఎక్కడైనా కూర్చోవాలంటే కెథడ్రల్ లోపల ఎవరూ లేవమనరు. నేనైతే లింకనే అంటాను.

డిసెంబర్‌లో వస్తుంటే మాత్రం ఎవరో క్రిస్మస్ మార్కెట్ అని ఊరిస్తారు, అది లేదు. 1982 నుంచి ఏటా పెట్టేవాళ్లు, 2022లో మూడు లక్షల మందికి పైగా వచ్చేసరికి ఆ ఇరుకు వీధుల్లో ప్రమాదమని ఆపేశారు.

సాయంత్రంరైలు

అక్కా, ఇది కదా నాకు కావాల్సింది. లింకన్ ఖాయం. కెథడ్రల్‌లో సాయంత్రం పాటలు ఉంటాయని విన్నాను, టికెట్ కావాలా? మేం క్రైస్తవులం కాదు, కూర్చోవచ్చా?

కొండమీదక్క

ఈవెన్‌సాంగ్ అంటారు. అది పూజ కాబట్టి టికెట్ ఉండదు, ఎవరైనా కూర్చోవచ్చు, మనం లేచి నిలబడాల్సినప్పుడు పక్కవాళ్లని చూసి నిలబడితే చాలు. ముందుగా వెళ్తే ఆ మెలి తిరిగిన కప్పు కిందే, క్వైర్ చెక్క సీట్లలో కూర్చోబెడతారు. పాడే పిల్లలకి సెలవులున్నప్పుడు ఒక్కోసారి పాట లేకుండా చదివేసి ముగిస్తారు, అందుకని ముందురోజు వెబ్‌సైట్‌లో చూసుకోండి. లోపల చలిగా ఉంటుంది, ఎండాకాలమైనా సరే, అమ్మగారికి శాలువా పెట్టండి.

రాళ్లపిచ్చి

ఆ సీట్లు మడిచి చూడమని నాన్నగారికి చెప్పండి, కింద 14వ శతాబ్దపు చెక్క చెక్కడాలుంటాయి. పూజ మొదలవ్వకముందే సుమా. విలియం బర్డ్ 1563 నుంచి తొమ్మిదేళ్లు ఇక్కడే ఆర్గాన్ వాయించాడు, కాబట్టి ఆ రోజు ఆయన పాట పడితే మీ అదృష్టం.

గేటుపడింది

తిరుగు ట్రైన్‌కి పది నిమిషాలు ఎక్స్‌ట్రా పెట్టుకోండి. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.